ఎడమ గొట్టం మీద ఒక్క దెబ్బ

లెన్ పార్డో జీవితంలో చెడ్డపని ఒక్కటే చేశాడు. అతనికి అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చిపెట్టింది కూడా ఆ పనే.

పోయిన జనవరిలో అతను చనిపోయాడు. అంత్యక్రియలకి పద్నాలుగుమందిమి వెళ్ళాం. బర్మింగ్‌హామ్ తుపాకుల పేటలో ఒకప్పుడు పనిచేసినవాళ్ళు నలుగురు, వేలంపాటల్లో పరిచయమైనవాళ్ళు ముగ్గురు, తక్కినవాళ్ళం వీధివాళ్ళం. గొట్టాల పనిలో అతనంతటివాడు మళ్ళీ పుట్టడని ఒకాయన నిలబడి చెప్పాడు. అందులో అబద్ధం లేదు. కానీ అది సగమే. రెండో సగం తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. అతను దాన్ని దాచమని నాకు ఎప్పుడూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

మా రెండిళ్ళకీ మధ్య ఒకే గోడ. నేను గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అతను ఇరవైరెండో ఏట నుంచి అరవైయైదు దాకా జూక్స్‌గారి పనిశాలలో తుపాకీ గొట్టాల మరమ్మతు చూసినవాడు. పెళ్ళి చేసుకోలేదు. మేడమీద చిన్న గదిలో గోడకి బోల్టులేసి బిగించిన ఇనప బీరువా, అందులో ఆరు పాత జంటగొట్టాల తుపాకులు. అయిదేళ్ళకోసారి పోలీసాయన వచ్చి తాళం లాగి చూసి, టీ తాగి, కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళేవాడు. ఆ తుపాకులతో లెన్ ఒక్క పిట్టనైనా కొట్టడం నేను చూడలేదు. నూనెగుడ్డతో తుడిచేవాడు, వాల్‌నట్ చెక్క మడమ మీద చారలు వెలుతురులో తిప్పి చూసేవాడు, మళ్ళీ లోపల పెట్టేవాడు.

అసలు వ్యసనం తుపాకులు కాదు, వేలం కేటలాగులు. దేశంలో ఎక్కడ పాత తుపాకుల వేలం జరిగినా ఆ పుస్తకం అతని తలుపు సందులోంచి లోపల పడేది. అది వచ్చిన రోజు నా తలుపు తట్టి, చంకలో పుస్తకంతో వంటింట్లో కూర్చునేవాడు.

"చూడు బాబూ, ఈవిడలాంటిదే ఒకటి ఎనభైయెనిమిదిలో తొమ్మిదివేల పౌండ్లు పలికింది. ఇప్పుడు నాలుగువేలంటున్నారు. నాకన్నా తొందరగా ముసలిదైపోయింది."

"నీకు నాలుగువేలెవరిస్తారు?"

"మోకాళ్ళు మార్పిస్తే ఇస్తారు."

ధరలు పడిపోవడానికి కారణాలు చెప్పేవాడు. సీసం గుళ్ళు వద్దు, ఉక్కు గుళ్ళు వాడండి అంటున్నారు, పాత గొట్టాలు ఉక్కుని ఓర్చుకోలేవు, కుర్రకారు ఇటలీ తుపాకులు కొనుక్కుంటున్నారు. నేను వినేవాణ్ణి. అతను పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చూడకపోవడం మాత్రం గమనించేవాణ్ణి. ముందు లండన్ తుపాకుల పేజీలు తీసి, బొమ్మలు చూడకుండా, ఒక్కో తుపాకీ తయారీ సంఖ్య మీదే వేలు నడిపేవాడు. చివరిదాకా వెళ్ళాక ఊపిరి వదిలి, అప్పుడు మొదటి పేజీ తెరిచేవాడు. సేకరించేవాళ్ళకి ఇలాంటి చాదస్తాలు ఉంటాయనుకున్నాను.

2021 సెప్టెంబరులో ఒకనాడు ఆ వేలు ఆగిపోయింది.

అది ష్రాప్‌షర్‌లో లడ్లో దగ్గరి ఒక వేలంశాల పుస్తకం. లెన్ ఆ పేజీ మూల మడిచాడు. తర్వాత, "కంట్లో పొరతో నేను కారు నడపలేను. పద్దెనిమిదో తారీఖున నన్ను తీసుకెళ్తావా?" అన్నాడు. మర్నాటి నుంచి పది రోజుల్లో బీరువాలో ఆరు తుపాకుల్లో నాలుగింటిని ఒక వ్యాపారికి అమ్మేశాడు. ఎన్నేళ్ళో ఏరి ఏరి కొన్నవి. ఎందుకని అడిగాను. చెప్పాడు.

1967 అక్టోబరు. ష్రాప్‌షర్ నుంచి ఒక డాక్టరుగారి తుపాకీ మరమ్మతుకి వచ్చింది. లండన్ పని, 1930ల్లో తయారైంది. కంచె దాటుతుంటే జారి ఇనప గేటుకి తగిలి, ఎడమ గొట్టం మీద బొటనవేలంత సొట్ట పడింది. శనివారం డాక్టరుగారు వేటకి వెళ్ళాలి. జూక్స్ దాన్ని పెద్ద పనివాళ్ళకి కాకుండా ఇరవైనాలుగేళ్ళ లెన్‌కి ఇచ్చాడు.

సొట్ట తీయడమంటే గొట్టం లోపలికి సరిగ్గా పట్టే ఉక్కు దిమ్మ జొనిపి, పైనుంచి చిన్న సుత్తితో చుట్టూ తడుతూ, లోపలికి పోయిన ఇనుమును కొద్దికొద్దిగా పైకి రప్పించడం. చెవితో చేసే పని. దిమ్మకి ఇనుము ఆనగానే చప్పుడు మారుతుంది, అక్కడ చెయ్యి ఆగాలి. లెన్ చెయ్యి ఒక్క దెబ్బ ఆలస్యంగా ఆగింది. సొట్ట పోయి, దాని చోట వెంట్రుకవాసి పొంగు వచ్చింది.

ఆ పొంగును మళ్ళీ లోపలికి దించడం కష్టం. పైన ఆకురాయి పెట్టి గీకి చదును చేయడం తేలిక. అతను గీకాడు. నున్నచేసి, నలుపు ఎక్కించి, బల్ల మీద పెట్టాడు. జూక్స్ వచ్చి గొట్టాన్ని కిటికీ వైపు తిప్పి చూశాడు, కళ్ళు మూసుకుని వేలితో తడిమాడు. పనివాళ్ళందరినీ పిలిచాడు.

"సొట్ట ఎక్కడుందో కనిపెట్టండర్రా. కనిపెట్టినవాడికి బీరు నాది."

ఎవరూ కనిపెట్టలేదు. ముప్ఫైయేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా. "ఇకమీదట లండన్ గొట్టాలన్నీ ఇతనివే" అని జూక్స్ అక్కడికక్కడే చెప్పేశాడు.

అందరూ వెళ్ళాక లెన్ మందం కొలిచే ముల్లు తీసి ఆ చోట పెట్టాడు. గొట్టం గోడని అంగుళంలో వెయ్యోవంతుల్లో కొలుస్తారు. ఇరవై ఉంటే నిశ్చింత. పదహారుకి దిగితే ఇక గోడకి వేలాడదీసుకోవడమే. ముల్లు పదకొండు దగ్గర నిలబడింది. తుపాకీ ఎత్తి పట్టినప్పుడు ఎడమచెయ్యి ఎక్కడ ఆనుతుందో, సరిగ్గా ఆ వేళ్ళ కింద.

"పొద్దున్నే చెబుదామనుకున్నాను" అన్నాడు నాతో. "పొద్దున నేను వెళ్ళేసరికే తుపాకీ రైలెక్కేసింది. పోనీ అప్పుడైనా చెప్పొచ్చు. జూక్స్ నా కోసం కిటికీ పక్క బల్ల ఖాళీ చేయిస్తున్నాడు. మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. ఆ తర్వాత సోమవారం చెబుదామనుకున్నాను."

మొదటి అయిదేళ్ళూ పత్రికల్లో ప్రమాదాల వార్తలు వెతికి చదివాడు. గొట్టం పేలలేదు. డాక్టరు 1979లో చనిపోయాడనీ, తుపాకీ వేలంలో పోయిందనీ పాత కేటలాగు చూసి ఆలస్యంగా తెలుసుకున్నాడు. ఎనభైయెనిమిదిలో అది లండన్‌లో మళ్ళీ వేలానికి వస్తే వెళ్ళాడు. అది తొమ్మిదివేలకి పోయింది, అతని దగ్గర రెండువేలున్నాయి. నా వంటింట్లో ముసలిదైపోయిందని అతను వెక్కిరించింది దాన్నే. ఆ తర్వాత నుంచి పాడైన తుపాకులు చవగ్గా కొని, బాగుచేసి, కొన్ని అమ్మి, కొన్ని దాచి, అది మళ్ళీ వచ్చే రోజుకి డబ్బు సిద్ధం చేసుకున్నాడు. లోకం అతన్ని సేకరించేవాడంది.

"ఇప్పుడు ధర దిగివచ్చింది బాబూ. నాకు అందేంత."

కారులో నేను అడిగాను: "వేలంశాలవాళ్ళకి ముందే ఒక్క మాట చెబితే పోతుందిగా? వేలం ఆపేస్తారు."

"ఎందుకు? కొని ఇంటికి తెచ్చి రంపంతో కోసేస్తాను. అమ్మేవాడికి డబ్బు, శాలవాళ్ళకి కమిషను, నీకు టీ, పంది మాంసం కూరిన రొట్టె. ఎవరికీ నష్టం లేదు."

"నీ పేరుకి కూడా."

అతను కేటలాగు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. "అవును" అన్నాడు.

వేలంశాల ఒకప్పటి పశువుల సంత. పొడుగు బల్లల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి తుపాకులు వరసగా పెట్టారు. వచ్చినవాళ్ళు ఒక్కోటి తీసి, కీలు దగ్గర విరిచి తెరిచి, గొట్టాలు దీపం వైపెత్తి ఒంటికంటితో చూస్తున్నారు. కొందరు గొట్టాలని వేలికి తగిలించి గోటితో మీటి గంటలా మోగుతుందా అని వింటున్నారు. శాల నిపుణుడు ఫాక్సాల్ అనే ఆయన లెన్‌ని చూసి ఎదురొచ్చాడు.

"రండి లెన్‌గారూ. మీరొచ్చారంటే మాకు పండగ. మీ కన్ను పడ్డ సరుకుకి గిరాకీ పెరుగుతుంది."

"నా కంటికి పొర వచ్చిందయ్యా."

"గొట్టాలు చూడ్డానికి మీకు కళ్ళెందుకు?"

దగ్గర ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. లెన్ ఆ తుపాకీ దగ్గరికి వెళ్ళాడు. విరవలేదు, దీపానికెత్తలేదు. ఎడమ గొట్టం మీద బొటనవేలు ఆనించి ఒకచోట ఆపి, వెంటనే చెయ్యి తీసేశాడు. పక్కన కాగితం మీద శాలవాళ్ళ కొలత ఉంది: గోడ మందం, కనిష్ఠం ఇరవైరెండు. వాళ్ళది అబద్ధం కాదు. ముల్లు నాలుగైదు చోట్ల పెడతారు. గోరంత చోటు వాళ్ళకి తగల్లేదు.

వేలం పదకొండింటికి మొదలై, దాని వంతు పన్నెండున్నరకి వచ్చింది. మూడువేల దగ్గర ఎత్తుకున్నారు. లెన్ కేటలాగును కొంచెం పైకెత్తడం తప్ప ఏమీ చేయడు. నాలుగువేలు దాటాక ఫోనుల్లో పాడేవాళ్ళు తప్పుకున్నారు. అయిదువేలకి గదిలో ఇద్దరే మిగిలారు. రెండోది ఒక స్త్రీ, ముప్ఫైయయిదేళ్ళుంటాయి, గొర్రెల కాపరులు వేసుకునే మైనం పూసిన కోటు, బురద బూట్లు. లెన్ పాడినప్పుడల్లా ఆమె పక్కన కూర్చున్న పెద్దమనిషి ఆమె చెవిలో ఏదో చెబుతున్నాడు, ఆమె చెయ్యెత్తుతోంది.

లెన్ తన దగ్గర ఉన్నదంతా ఎంతో నాకు చెప్పాడు. శాల కమిషను పోను ఏడువేలు. ఆ గీత దాటి ఏడువేల రెండువందలకి పుస్తకం ఎత్తాడు. ఆమె ఏడువేల నాలుగువందలంది. లెన్ నా వైపు తిరగలేదు గాని, అతని మెడ కొంచెం ఇటు వాలింది. నా బ్యాంకులో కొంత ఉంది. రెండు క్షణాలు ఆలోచించాను. వేలం సుత్తి పడింది. ఆ రెండు క్షణాల గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

డబ్బు కట్టి సరుకు తీసుకునే గది వెనకవైపు ఉంది. ఆమె తోలుపెట్టె తెరిచి తుపాకీని ముక్కలుగా సర్దుకుంటోంది. ఫాక్సాల్ లైసెన్సు కాగితం చూసి సంఖ్య రాసుకుంటున్నాడు. లెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, దీన్ని ఏం చేద్దామని?"

"కాలుద్దామని. వచ్చే శనివారం మా కొండ మీద కౌజు పిట్టల వేట ఉంది." ఆమె మనసారా నవ్వింది. "నా పేరు రూత్ బెడో. మా తాత దీని సొంతదారు డాక్టరుగారి దగ్గర తూటాలు నింపి అందించేవాడు. ఇరవైయేళ్ళు ఈ తుపాకీ ఆయన చేతుల్లోంచి డాక్టరుగారి చేతుల్లోకి వెళ్ళింది. ఒక్కసారి కూడా తాతని కాల్చనివ్వలేదు. నాలుగేళ్ళుగా కూడబెట్టాను పెద్దాయనా. మీరు నాకు చాలా ఖర్చు పెట్టించారు."

"దాన్ని కాల్చకు."

"ఏమిటి?"

"ఎడమ గొట్టం పలచన. కాలిస్తే చెయ్యి పోతుంది."

ఆమె నవ్వు ఆగలేదు గాని, అందులో ఉన్న స్నేహం పోయింది. "పాట ఓడిపోయినవాళ్ళందరికీ గొట్టాలు పలచగానే కనిపిస్తాయి. ఇప్పుడు నేను భయపడి వదిలేస్తే రేపు మీరు సగానికి కొంటారు, అంతేగా?"

ఫాక్సాల్ కలం పక్కన పెట్టాడు. "లెన్‌గారూ, ఇది బాగాలేదు. కొలత నేను స్వయంగా తీశాను. ఇరవైరెండు."

"నువ్వు తీసినచోట ఇరవైరెండే."

"మరి పలచన అని తెలిసీ మీరెందుకు పాడారండీ ఏడువేల దాకా?" రూత్ గొంతు పెరిగింది. "నా పక్కాయన ఏమన్నాడో తెలుసా? పార్డో వదలట్లేదంటే దాంట్లో లోపం ఉండదు, ధైర్యంగా వెళ్ళు అన్నాడు. మీరు పుస్తకం ఎత్తినప్పుడల్లా నాకు ధైర్యం వచ్చింది. లేకపోతే అయిదువేల దగ్గరే ఆగిపోయేదాన్ని."

లెన్ ఆ మాటకి నిజంగా దెబ్బ తగిలిన మనిషిలా బల్ల అంచు పట్టుకున్నాడు. నేను కుర్చీ జరిపాను. కూర్చోలేదు.

"ఫాక్సాల్, ముల్లు తీసుకురా."

"లెన్‌గారూ..."

"తీసుకురావయ్యా."

తెచ్చాడు. పొడుగాటి గడకి గడియారంలాంటి బిళ్ళ బిగించిన పనిముట్టు. లెన్ గొట్టాలు చేతిలోకి తీసుకున్నాడు. పొర కమ్మిన కళ్ళు మూసుకుని ఎడమ గొట్టం మీద బొటనవేలు నడిపి, ఆపాడు. మైనపు పెన్సిలు అడిగి అక్కడ చిన్న చుక్క పెట్టాడు.

"నువ్వు కొలిచేముందే చెబుతున్నాను. ఇక్కడ పదకొండు."

"అంత ఖాయంగా మీకెలా తెలుసు?" అంది రూత్.

"నేనే చేశాను గనక. అరవైయేడు అక్టోబరులో సొట్ట తీస్తూ ఒక దెబ్బ ఎక్కువ కొట్టాను. పొంగింది. ఎవరికీ తెలియకుండా గీకేశాను. ఆ సాయంత్రమే కొలిచాను."

గదిలో ఇంకో ఇద్దరు తమ సరుకు కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళూ వింటున్నారు. ఫాక్సాల్ గొట్టాన్ని గడకి తొడిగి, ముల్లును చుక్క మీదికి మెల్లగా దించాడు. వంగి చూశాడు. మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

"పది" అన్నాడు.

"ఆ ఒక్కటీ ఎవరో మధ్యలో మళ్ళీ నలుపు వేయించినప్పుడు పోయి ఉంటుంది" అన్నాడు లెన్. పనిశాలలో మాట్లాడుకున్నట్టే అన్నాడు.

రూత్ గొట్టాలు తీసుకుంది. తుపాకీ ఎత్తినట్టు ఎడమచెయ్యి ముందుకు చాచింది. ఆమె వేళ్ళు వాటంతటవే ఆ చుక్క మీదికి వచ్చాయి. చెయ్యి తీసేసి కోటుకి తుడుచుకుంది.

"యాభైనాలుగేళ్ళు" అంది. "డాక్టరుగారు పన్నెండేళ్ళు కాల్చారు. పక్కనే మా తాత నిలబడి ఉండేవాడు. ఆ తర్వాత ఎవరెవరో. మీరు ఊరుకున్నారు."

"ఊరుకున్నాను."

"ఇవాళ నేను రెండువందలు తక్కువ పాడి ఉంటే?"

"ఇంటికి తెచ్చి కోసేసేవాణ్ణి. ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు."

నేనైతే ఆ రెండో మాట అనేవాణ్ణి కాదు. అతను అన్నాడు.

ఫాక్సాల్ గొంతు సవరించుకుని, అమ్మకం రద్దవుతుందనీ, డబ్బు వాపసు ఇస్తామనీ, అమ్మినవాళ్ళకి తను చెబుతాననీ అన్నాడు. రూత్ అతన్ని ఆపింది. "దీన్ని బాగుచేయొచ్చా?"

"గొట్టాలు మొదలు దగ్గర కోసి కొత్తవి తొడగొచ్చు. పరీక్షశాలలో కాల్చిచూసి, 'మార్చిన గొట్టాలు' అని పైన ముద్ర కొడతారు. ధర సగం పడిపోతుంది. పైగా ఆ పనికే రెండున్నరవేలు" అన్నాడు ఫాక్సాల్.

"నేను చేస్తాను" అన్నాడు లెన్. "ఒక్క పెన్నీ వద్దు. చూపు లేకపోయినా నా చేతులు..."

"వద్దు." ఆమె అరవలేదు. "మీరు ముట్టుకోవద్దు."

లెన్ తలూపాడు. ఇరవైనాలుగో ఏట కిటికీ పక్క బల్ల సంపాదించిన మనిషి, ఆ బల్ల మీద మరి నలభై ఏళ్ళు ఒక్క తప్పూ లేకుండా పనిచేసిన మనిషి, ఆ మాట విని తల మాత్రం ఊపాడు.

రూత్ పెట్టెని తన వైపు లాక్కుంది. పాత తుపాకుల పెట్టె మూత లోపల తయారీదారు చీటీ అంటించి ఉంటుంది. దాని కిందే, ఎవరెవరు కొన్నారు, ఎప్పుడు ఏ మరమ్మతు చేయించారు అన్న కాగితాలు దాస్తారు. ఈ పెట్టెలోనూ డాక్టరుగారి పేర అసలు బిల్లు, రెండు పాత రసీదులు ఉన్నాయి. ఒక రసీదు మీద జూక్స్ చేతిరాతలో, సొట్ట తీయబడినది, పని అతి శ్రేష్ఠం అని ఉంది.

ఆమె దాన్ని చదివి లెన్ ముందు పెట్టింది.

"దీని కింద మీరు ఇంకో కాగితం రాసిపెట్టండి. ఇప్పుడు నాకు చెప్పింది ఉన్నదున్నట్టు. సగం ధరకి అమ్మినవాళ్ళు ఒప్పుకుంటే నేనే కొంటాను. కొన్నా కొనకపోయినా, ఆ కాగితం ఈ పెట్టెలోనే ఉండాలి. నా తర్వాత చేత పట్టుకునేవాళ్ళకి తెలియాలి."

ఫాక్సాల్ శాల పేరున్న తెల్లకాగితం ఇచ్చాడు. లెన్ ఇప్పుడు కూర్చున్నాడు. కాగితాన్ని కళ్ళకి బాగా దగ్గరగా పెట్టుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. నాలుగు వాక్యాలకి దగ్గర దగ్గర అరగంట పట్టింది. మధ్యలో ఒకసారి 'పొరపాటు' అని రాసి, ఆగి, కొట్టేసి, 'నేను దాచాను' అని రాశాడు. కింద పేరంతా రాసి సంతకం పెట్టాడు. పనిశాలలో గొట్టాల అడుగున కొట్టే తన రెండక్షరాల గుర్తు కూడా పక్కన వేశాడు.

రూత్ చదివి, తిరిగి ఇచ్చింది. "తేదీ వెయ్యండి."

"ఏ తేదీ? అప్పటిదా, ఇవాళ్టిదా?"

"రెండూ."

1967 అక్టోబరు 12, గురువారం అని చెయ్యి ఆగకుండా రాశాడు. తర్వాత నా వైపు తిరిగి ఇవాళ ఎన్నో తారీఖని అడిగాడు.